అల్లుళ్ళు వచ్చారు

మార్చి 3, సోమవారం, సాయంత్రం 4.30

గోడౌన్‌లోకి ఇరవై రోబోలు దిగాయి. ఒక్కోటి నడుమెత్తు ఉంది. పైన స్క్రీన్, కింద రెండు ప్లాస్టిక్ డబ్బాలు. ఆర్డర్‌లో ఉన్న సామాను ఏ షెల్ఫులో ఉందో అక్కడికి అదే వచ్చి ఆగుతుంది. మేం స్క్రీన్ మీద సామాను బొమ్మ చూసి, తీసి, స్కాన్ చేసి, డబ్బాలో వేసి బటన్ నొక్కితే వెళ్ళిపోతుంది. నడక దానిది, చెయ్యి మాది.

ట్రాలీలన్నీ పట్టుకెళ్ళిపోయారు. పదకొండేళ్ళుగా నాకూ వదినకీ ఒకటే ట్రాలీ. వదినంటే మా ఆయన అక్క. నాకీ ఉద్యోగం పెట్టించింది ఆవిడే. మోకాలు బాగుండదు కాబట్టి ఆవిడ ట్రాలీ దగ్గరే నిలబడి సరిచూసి సర్దేది, నేను పరిగెత్తి తెచ్చేదాన్ని. ఇద్దరికీ ఒకటే లిస్టు, ఒకటే లెక్క. నేను తొందరలో తెచ్చిన తప్పు సామాన్లు ఎన్ని ఆవిడ కంటపడి ఆగాయో చెప్పలేను.

ఇప్పుడు నాకు నాలుగు వరసలు, పక్కనే ఆవిడకి నాలుగు. ఎవరి వరసల్లో వాళ్ళు ఉండాలట. ఇకనుంచి మీ కాళ్ళకి సెలవు అన్నాడు సూపర్‌వైజర్. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మార్చి 4

అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. రోజంతా ఇంతే.

మార్చి 6, మధ్యాహ్నం 1.10, క్యాంటీన్

వదిన వాటికి అల్లుళ్ళని పేరు పెట్టింది. వచ్చి ఎదురుగా నిలబడతారు, మర్యాద జరిగేదాకా కదలరు, ఆలస్యమైతే మొహం మాడ్చుకుంటారు అంది. రోబో ఎక్కువసేపు ఆగాల్సి వస్తే పసుపు లైటు వెలుగుతుంది, అదీ మొహం మాడ్చుకోవడం. టేబులంతా ఒకటే నవ్వు.

ఫోన్‌లో అడుగులు చూసుకున్నాను. ఇదివరకు రోజుకి ఇరవై రెండు వేలు. నిన్న ఆరు వేలు. ఇంటికెళ్ళాక కూర్చోబుద్ధి కాక అల్మరాలన్నీ దింపి మళ్ళీ సర్దాను. ఇంట్లో కూడా రోబో తిరుగుతోంది, దీనికి బటన్ ఎక్కడుందో తెలియడం లేదు అన్నాడు మా ఆయన. నాకు నవ్వు రాలేదు.

మార్చి 10, సోమవారం

వదిన వరసలోకి వెళ్ళాను. అక్కడ ఒక అల్లుడు ఆగి ఉన్నాడు. ఆవిడేమో అవతలి చివర షెల్ఫు పట్టుకుని కాలు చాపుకుంటోంది. గబగబా వెళ్ళి టార్చిలైటు తీసి వేసి బటన్ నొక్కేశాను. ఆవిడ దూరం నుంచి చెయ్యి ఊపింది. ఆ ముప్ఫై అడుగులకే నాకు ప్రాణం లేచొచ్చింది.

మార్చి 13

ఈ వారమంతా ఆవిడ వరసల్లో నేనే. పసుపు లైటు వెలగకముందే వాలిపోతున్నాను. నీ పని నువ్వు చూసుకో అని ఒకసారి అంది, తర్వాత ఊరుకుంది. మోకాలికి కాస్త సుఖంగానే ఉందని కూడా అంది.

అడుగులు మళ్ళీ పద్ధెనిమిది వేలు. హాయిగా నిద్ర పడుతోంది.

మార్చి 14

ఇవాళ వదిన సగం దూరం నడిచి వచ్చేసరికి నేను బటన్ నొక్కేశాను. ఆవిడ అక్కడే ఆగిపోయింది. షెల్ఫు పట్టుకుని, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి నడిచింది. ఎందుకో అదే గుర్తొస్తోంది.

మార్చి 19, బుధవారం

సూపర్‌వైజర్ వదినని అద్దాల గదిలోకి పిలిచాడు. గంటకి డెబ్భై తియ్యాలి, మీవి ముప్ఫై ఒకటే ఉన్నాయి అన్నాడట. వచ్చే వారం అయిదు రోజులూ చూస్తాం, సగటు డెబ్భై రాకపోతే మిమ్మల్ని ఉంచడం నా చేతుల్లో లేదు అన్నాడట. ఆవిడ బయటికొచ్చి మోకాలి మీద ఒక్కటి చరిచింది. ఇదే నా కొంప ముంచింది అంది.

వెళ్ళి, అందరి లెక్కలూ పడే బోర్డు చూశాను. నావి నూట పదహారు.

మా మెడలో బ్యాడ్జి ఉంటుంది. ఎవరు దగ్గరికొస్తే వాళ్ళ నంబరు రోబో స్క్రీన్ మీద పడుతుంది, తీసింది వాళ్ళ లెక్కలో చేరుతుంది. ఆ నంబరు రోజుకి వందలసార్లు చూశాను. చూశానే గానీ బుర్రకెక్కలేదు. ఎవరు తీసినా ఇద్దరిదీ, పదకొండేళ్ళ అలవాటు. ఆవిడ ముద్ద ఆవిడ కంచంలోంచి నేను తినేశాను.

మార్చి 20, ఉదయం 6.20, లాకర్ గది

బస్సులో చెబుదామనుకున్నాను. వదిన మోకాలికి పట్టీ బిగించుకుంటూ, ఆపరేషన్ చేయించుకుంటే ఎన్నాళ్ళకి లేచి తిరుగుతారో కాస్త కనుక్కో అంది. అలాగే అన్నాను. అలాగే అన్నాను!

మార్చి 21, శుక్రవారం

చెప్పేశాను. ముందు సూపర్‌వైజర్‌కి. అయిపోయిన లెక్క మార్చలేను, సోమవారం నుంచి మీరు అటు వెళ్ళకండి చాలు అన్నాడు. తర్వాత క్యాంటీన్‌లో వదినకి. ఆవిడ తినడం ఆపలేదు. అంతా తిని, డబ్బాకి మూత పెట్టి, అనవసరంగా రెండు రోజులు కాలిని తిట్టుకున్నాను అంది. నీకు సాయమనే కదా వదినా చేసింది అన్నాను. సాయం కాదు, నువ్వు కుదురుగా ఉండలేవు, దానికి నా కాలు సాకు దొరికింది అంది.

నిజమే. ఒళ్ళు మండింది, కానీ నిజమే.

తిరుగు బస్సులో ముందు సీట్లోకి వెళ్ళి కూర్చుంది.

మార్చి 24, సోమవారం

ప్యాకింగ్ టేపు తెచ్చి, నా వరసలు అయిపోయే చోట నేల మీద అడ్డంగా అంటించాను. దాన్ని దాటకూడదు.

పది గంటలకల్లా వదిన వైపు పసుపు లైట్లు. ఒకటి, రెండు, అయిదు. ఆవిడ షెల్ఫు పట్టుకుంటూ వస్తోంది. చేతులు కట్టుకుని నిలబడ్డాను. నరకం ఎలా ఉంటుందో తెలిసింది. గంటకి యాభై ఎనిమిది తీసింది.

మార్చి 26

నిన్న అరవై నాలుగు, ఇవాళ డెబ్భై. ఆవిడ చివర నిలబడటం మానేసి వరసల నడిమధ్య నిలబడుతోంది. అల్లుడు ఏ మలుపు తిరుగుతున్నాడో చూసి ముందే కదులుతోంది. నాకు పదకొండేళ్ళు ట్రాలీ దగ్గర నిలబడి కనిపించిన మనిషి ఈవిడేనా అనిపించింది. నాతో మాత్రం మాటల్లేవు.

గీత దగ్గర నిలబడి నిలబడి, టేపు అంచు బూటుతో గీకేస్తున్నాను. ఒక మూల లేచింది. మళ్ళీ అంటించాను.

మార్చి 27

డెబ్భై ఆరు. సగటు డెబ్భై కావాలంటే రేపు ఎనభై రెండు రావాలి.

మార్చి 28, శుక్రవారం

బోర్డు మీద ఎనభై నాలుగు. ఆవిడ చూసింది. కుంటుకుంటూ టేపు దాటి నా వరసలోకి వచ్చింది. నా ఎదురుగా ఆగిన అల్లుడికి, నేను చెయ్యి చాపేలోపు, బల్బుల పెట్టె తీసి వేసి బటన్ నొక్కింది. స్క్రీన్ మీద ఆవిడ నంబరు పడింది. తన వరసలోకి వెళ్ళిపోయింది.

నేను కదల్లేదు.