నా మాటలో సగం

నవంబరు 4, మంగళవారం

నా సాక్ష్యం జడ్జిగారు వినరట. ఫైళ్లు పేరుకుపోయాయని సాక్షుల విచారణ అడ్వొకేట్ కమిషనర్‌కి అప్పజెప్పారని మా లాయర్ దేబాశిష్ ఫోన్ చేశాడు. కమిషనర్ అంటే ఇంకో లాయరే. పేరు కన్నారావు. నేను చెప్పింది అతను రాయిస్తాడు, ఆ కాగితం జడ్జి చదువుతారు. నా మొహం చూడకుండానే తీర్పు.

జయపురంలో నాన్న స్టీలు సామాన్ల కొట్టు పద్నాలుగేళ్లుగా నడుపుతున్నది నేను. అన్నయ్య రఘు రాయగడలో హోల్‌సేల్ పెట్టుకుని పండగలకి వచ్చేవాడు. నాన్న పోయాక, నా వాటా వదులుకున్నానని నా సంతకం ఉన్న కాగితం తీశాడు. జీఎస్టీ పనికని చెప్పి తెల్ల కాగితం మీద వాడు పెట్టించుకున్న సంతకం అది. ఈ కేసు దాని మీదే.

నవంబరు 12, బుధవారం

కన్నారావు ఇంటి ముందుగది. ఎదురుగా రఘు, వాడి లాయరు. టీ ముందు వాళ్లకే వచ్చింది.

"సంతకం నీదా కాదా? అవునో కాదో సెప్పమ్మా, కథలొద్దు" అన్నాడు కన్నారావు.

నాదే, కానీ అప్పుడు కాగితం ఖాళీగా ఉందన్నాను. అతను టైపిస్టుకి ఇంగ్లీషులో చెప్పాడు: సంతకం నాదే. ఫుల్‌స్టాప్.

తర్వాత రఘు లాయరు నాకు పెళ్లెందుకు కాలేదని అడిగాడు. సరుకు దింపడానికి వచ్చే బిజయ్ నాకేమవుతాడని అడిగాడు. దేబాశిష్ లేచి అభ్యంతరం చెప్పాడు.

"రాసుకుంతాను. ఆపడానికి నాకు పవర్ లేదు. రేపు మా కమిషనర్లకే పవర్లన్నీ ఇచ్చేత్తే ఈ గొడవే ఉండదు" అని కన్నారావు నవ్వాడు.

పవర్ లేదట! నా మాటలో సగం కోసేయడానికి మాత్రం ఉంది. ఇంకా ఇస్తే ఏమవుతుందో ఇవాళే తెలిసింది.

రఘు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఒక్క మాటంటే ఆ లాయరు ఆగేవాడు. అనలేదు.

చివర ఆ వాంగ్మూలం కింద సంతకం పెట్టమన్నారు. పెట్టనన్నాను. నమ్మి పెట్టిన సంతకమే నన్ను ఇక్కడిదాకా తెచ్చింది. సాక్షి మొండిది అని రాయించాడు. రాయించుకోనీ.

నవంబరు 13

రఘుకి జ్వరమొస్తే బాగుండు. కన్నారావుకి కూడా.

నవంబరు 21

నన్ను కోర్టులోనే వినాలని పిటిషన్ వేశాం. ఒప్పుకోకపోవచ్చని దేబాశిష్ నసిగాడు. అతని మీదా విరుచుకుపడ్డాను.

మధ్యాహ్నం రఘు కొట్టుకొచ్చాడు. "ఎందుకమ్మీ ఈ గోల? ఒక్కదానివి, ఈ కొట్టు ఏటి సేసుకుంతావు?" అన్నాడు. బేరాలాడేవాళ్ల ముందే బయటికి నడవమన్నాను. నడిచాడు.

డిసెంబరు 9

సంతకం లేని వాంగ్మూలం ఎందుకొచ్చిందని జడ్జిగారు కన్నారావుని అడిగారట. సాక్షి మొండిది అన్నాడట. అయితే నేనే వింటాను అన్నారట జడ్జిగారు.

డిసెంబరు 18

చెప్పాను. కాగితం ఖాళీగా ఉందన్న మాట నా ఎదుటే రికార్డులోకి ఎక్కింది. తీర్పు ఎప్పుడో తెలియదు.

బయటికొస్తుంటే కోర్టు మెట్ల మీద రఘు కాలు జారింది. "అన్నయ్యా, జాగర్త!" అన్నాను.

నా నోటినుంచే వచ్చింది. ఛీ.