బద్దలు పారేయమన్న కంప్యూటర్

అత్తా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. అయినా నవ్వొచ్చే కబురే రాత్తన్నాను.

టెక్కలి కాలేజీలో మా బీఏ వోళ్లకీ కంప్యూటర్ పెట్టారు. లెక్కలు ఆన్‌లైన్‌లో సెయ్యాలి. ఒప్పు సేత్తే కష్టమైంది ఇత్తాది, తప్పు సేత్తే సులువైంది ఇత్తాది. అచ్చం నువ్వే! పలాస జీడి ఫ్యాక్టరీలో నేను పప్పు ఏరలేక తడబడితే, ‘ఒలే కోడలా, ముందీ సిన్న కుప్ప సూడు’ అనేదానివి.

మొన్న అది ‘జీడిపప్పుల జాబితాలో విరిగినవి తీసెయ్’ అంది. తీసి పక్క జాబితాలో పెట్టాను. తప్పంది. సులువైంది ఇచ్చింది. మళ్లీ అలాగే పెట్టాను. ఆఖరికి అంగన్‌వాడీ పిల్లల లెక్క దాకా దిగిపోయింది.

మేడమ్ వచ్చి, ‘పారేయకుండా ఎందుకు దాస్తున్నావమ్మా?’ అన్నారు.

‘బద్దలు ఎవరైనా పారేత్తారేటండీ? విరగని గుండుకో ట్రే, విరిగిన బద్దకో ట్రే’ అన్నాను.

ఆవిడ పడీపడీ నవ్వి, దాన్నే కొత్త లెక్కగా పెట్టించారు. తప్పు సేసినోళ్లకి ఏం కనబడాలో నన్నే రాయమన్నారు. నీ ‘ఒలే కోడలా’ మాటే రాశాను.

ఇయ్యాల క్లాసులో తప్పు సేసినోళ్లంతా, మొగపిల్లలతో సహా, నీ కోడళ్లే అత్తా.