బోర్డు మీటింగులో నా రెండు నిమిషాలు

కాలిఫోర్నియా రాష్ట్రం, ఆర్చర్డ్ బెండ్ హైస్కూలు పన్నెండో తరగతి విద్యార్థిని ఒడాలిస్ బెరూమెన్ అను నేను, స్థిరబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా, బడి విడిచి వెళ్లేవాళ్లు కింది తరగతులకు వీలునామా రాసే మా ఆచారం ప్రకారం ఇది రాస్తున్నాను. "అను నేను" అని రాసుకునే భాగ్యం మళ్లీ ఎప్పుడో.

దీన్ని అమలుపరిచే బాధ్యత లైబ్రేరియన్ టీగ్ మేడమ్‌ది. ఈ సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.

1. నా స్టేప్లరు డస్టిన్ లాకర్డ్‌కు చెందుతుంది. శీతాకాలం నుంచీ అది అతని దగ్గరే ఉంది. చరిత్ర క్లాసులో గే, లెస్బియన్ మనుషుల పాఠం మొదలైన రోజు "ఇది చరిత్రా, పక్కింటి పుకార్లా?" అన్నవాడు ఇతనే. స్టేప్లరు సంగతి క్షమించాను. ఆ మాట సంగతి ఇంకా పరిశీలనలో ఉంది.

2. ఆ పాఠం చెప్పిన హాల్వర్సన్ సారుకు మా చూయ్ తాత ఫొటో. తాత అమ్మమ్మకు తమ్ముడు. పీచ్ పళ్ల షెడ్డులో పనిచేస్తూ, వాల్ట్ అనే ఆయనతో చివరిదాకా ఒకే ఇంట్లో బతికాడు. అద్దె కలిసి రావడానికి ఉంటున్నారని ఊరంతా అనుకునేది. ఆ ఇల్లు వాళ్ల సొంతం. ఫొటోలో ఇద్దరూ ఒకే పళ్లపెట్టె మీద నిలబడి, పడబోతూ నవ్వుతున్నారు. స్కూలు బోర్డు ఓటులో ఆ పాఠం నిలిస్తే దీన్ని క్లాసు గోడకు తగిలించాలి. తీసేస్తే సారు బల్ల మీద పెట్టుకోవాలి.

3. ఫ్రీసెన్ గారికి అమ్మమ్మ తమాలెలు, అంటే మొక్కజొన్న పిండిని పొత్తి ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించే మా వంటకం, వండే పద్ధతి. పాఠం ఉంచాలా, తీసేయాలా అని బోర్డు మీటింగు పెట్టిన రోజు అమ్మమ్మ ఫ్యాను గాలికి ఆశపడి, వద్దనేవాళ్ల వరసలో కూర్చుంది. మాకోసం తెచ్చిన తమాలెలు వాళ్లకే పంచిపెట్టింది. వాళ్ల పెద్దదిక్కు ఫ్రీసెన్ గారు లేచి, ఇలాంటివి ఇంట్లో చెప్పుకోవాలిగాని బడిలో కాదని మాట్లాడి వచ్చి కూర్చున్నారు. అమ్మమ్మ ఆమె మోకాలి మీద చెయ్యేసి, "మా ఇంట్లోనూ చెప్పుకోలేదమ్మా. బడిలో పాఠం విని నా మనవరాలు వచ్చి అడిగితేగాని నా తమ్ముడి పేరు నా నోట రాలేదు" అంది. ఫ్రీసెన్ గారు మనసు మార్చుకోలేదు. చేతిలోని తమాలె కొరికి, ఇందులో ఏ మిరపకాయ వేస్తారని అడిగారు. జవాబు ఈ వీలునామాకు జతచేశాను.

4. ఓటు సెప్టెంబరుకు వాయిదా పడింది. అప్పటికి నేను ఈ బడిలో ఉండను, విద్యార్థిగా మాట్లాడే హక్కూ ఉండదు. కనుక బోర్డు ఎదుట నాకు దక్కే రెండు నిమిషాలను పదో తరగతి నయేలీ ఆస్ట్రాండర్‌కు సర్వహక్కులతో రాసిస్తున్నాను. నయేలీ, గొంతు వణికినా పరవాలేదు. నాదీ వణికింది, మైకు పాడైందనుకున్నారు. చూయ్, వాల్ట్ అనే పేర్లతో మొదలుపెట్టు. రెండు నిమిషాలు కాగానే ఎర్రదీపం వెలుగుతుంది, ఛైర్మన్ గారు సుత్తి కొడతారు. నువ్వు మాత్రం వాక్యం పూర్తయ్యాకే కూర్చో.

భయమేస్తే ఫ్యాను వైపు చూడు, అమ్మమ్మ అక్కడే ఉంటుంది. ఆ కుర్చీ ఆమెకోసం ఆపి ఉంచుతానని ఫ్రీసెన్ గారు నిన్న ఫోన్ చేశారు.

జూన్ 3, బడి ఆఖరి బుధవారం.

(సంతకం) ఒడాలిస్ బెరూమెన్

సాక్షులు:
యుస్తోలియా ఓల్గిన్, అమ్మమ్మ. చదివి, ఫొటో దగ్గర ఆగి, సంతకం చేసింది.
డస్టిన్ లాకర్డ్. ఆస్తి పొందేవాడు సాక్షి కాకూడదట. కానీ కాగితాలు కలిపి కుట్టడానికి స్టేప్లరు ఉన్నది ఇతని దగ్గరే. కుడుతూ, ఆ ఫొటో ఇంకోసారి చూపించమన్నాడు.