గుడ్డ కట్టిన కందిచెట్లు

గద్వాల, ఫసలీ 1352 (క్రీ.శ. 1943), పుష్యమాసం, శుక్రవారం రాత్రి.

నా మూడేళ్ల పరిశోధన ఈ రోజు తహశీల్దారు సాబు గారి ఉదరంలో సమాధి అయింది.

గొడ్డు తెగులు తగిలిన కందిచేనుకు ఆకే తప్ప కాయ ఉండదు. అలాంటి చేనులోనూ నిండుగా కాసిన చెట్లను ఏటా ఏరి, వాటి గింజలే మళ్లీ వేస్తూ వచ్చాను. ఈసారి విత్తనం ఊరికి పంచుతానని మాటిచ్చాను. ఎవరూ ముట్టకుండా చెట్లకు ఎర్రగుడ్డలు కడుతుంటే మా అన్న కూడా వచ్చి ముడులు వేశాడు. ఆ అన్నే పొద్దున పచ్చికాయలన్నీ తెంపించి, సాబుకు ఉడకబెట్టించాడు.

"గుడ్డ కట్టినవి విత్తనానికని నీకు తెల్వదా అన్నా?"

"తెల్సు గనకనే తెంపిన. మంచియి అవే గదరా. సాబుకు ఆకులు పెడ్తమా? పటేల్‌గిరి నాకు రావద్దా?"

పరాయివాడైతే దొంగ అనేవాణ్ణి. అన్నను ఏమనాలో నేను చదివిన వ్యవసాయ కాలేజీలో చెప్పలేదు...

సాబు చేతులు కడుక్కుంటూ నా భుజం తట్టి, వచ్చే ఏడు ఊరంతా ఈ కందులే వేయించమన్నారు. నేను నోరు తెరిచేలోపే అన్న, "గట్లనే సాబ్" అన్నాడు.