తలలున్న రొయ్యలు

అక్కా,

నువ్వు లేకుండా వచ్చిన మొదటి పెత్తరమాస ఇది. పెద్దలకు పెట్టే ఇస్తరిలో నీకిష్టమైనవి ఉండాలని నీ కొడుకు సిరిసిల్ల నుంచి పెద్ద రొయ్యలు తెచ్చాడు. ప్యాకెట్ విప్పితే గడ్డకట్టిన ముక్కలు. తలల్లేవు, పొట్టు లేదు.

"సాఫ్ జేసినయే తెచ్చిన చిన్నమ్మా. నీకు తిప్పలుండది."

"మీ అమ్మ తలలు జుర్రకుంట ఎన్నడన్న ఇస్తరి ముందట్నుంచి లేచిందారా?"

"పోయినోళ్లకు గివన్ని ఎర్కైతయా?"

నాకు ఒళ్లు మండింది. ఆటో ఎక్కి కోరుట్ల మార్కెట్‌కు పోయి, తల ఊడనివి, వాసన లేనివి ఒక్కొక్కటే ఏరి తెచ్చాను. మీసాలు కత్తిరించి, వీపు చీల్చి నల్లదారం లాగాను. మనం తోటికోడళ్లమై ఈ ఇంటికొచ్చిన నాటి నుంచి ఆ పని నాదే. పొయ్యి ముందు నిలబడి పేరు కొట్టేయడం నీది. ఈసారి వంట కూడా నా నెత్తినే పెట్టి పోయావు. ఉల్లిగడ్డ, అల్లంవెల్లుల్లి వేయించి, చింతపులుసు పోసి, రొయ్య ఎర్రబడి వంగగానే దించాను. ఇంకాసేపు ఉంచితే రబ్బరవుతుందని నువ్వు తిట్టిన తిట్లు గుర్తున్నాయి.

అన్నిటికంటే పెద్దవి నీకు పెట్టాక అందరం తిన్నాం. నీ కొడుకు ఒక తల జుర్రి, కళ్లు తుడుచుకున్నాడు.

"అచ్చం అమ్మ వండినట్లే ఉన్నది."

చూశావా, పోయినా మెప్పు నీకే. బతికుండగా ఒక్కసారి "రొయ్యలు బాగుచేసింది మా యారాలు" అని ఉంటే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?

వచ్చే పెత్తరమాసకు నీకు పప్పే.