మూడో పాదంలో యతి

బ్రాడీపేట, గుంటూరు
12 ఫిబ్రవరి 2025

చిరంజీవి యలమందకు,

మీ తెలుగు మాస్టారు జానకిరామయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ, మా ఇంటావిడ సుందరీ కులాసా. సత్తెనపల్లిలో నువ్వూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ చేలో మిరప రెండో కోత మొదలైందని విన్నాను.

సాహితీ సమితి పద్యాల పోటీలో నీ పద్యం ఎందుకు నెగ్గలేదో వివరంగా రాయమన్నావు. యతి తప్పిందని మాస్టారే అంటే ఇక పద్యం జోలికి పోనని కూడా రాశావు. న్యాయనిర్ణేతను నేనొక్కడినే కాబట్టి చెప్పాల్సిందీ నేనే.

నువ్వు ఎంచుకున్నది ఆటవెలది. మంచి ఎంపిక. అమ్మ గురించి చెప్పే మాటకు ఉత్పలమాల ఆర్భాటం అక్కర్లేదు. గణాలు వేళ్ల మీద లెక్కపెట్టాను, సరిపోయాయి. మిరపకాయలు కోసి వచ్చిన అమ్మ అదే చేత్తో అన్నం కలిపి పెడుతుంది:

అమ్మ చేతి మంట కమ్మని ముద్దలో
కలిసి వచ్చె, కనులు కారె నాకు

రసం కరుణ అని నువ్వనుకుని ఉంటావు. ఆ కన్నీరు కారానికో, ప్రేమకో పద్యం తేల్చదు. అదే దాని బలమని ఒప్పుకుంటాను. సుందరికి చదివి వినిపిస్తే, చిక్కుడుకాయలు ఒలుస్తున్న మనిషి చెయ్యి ఆపి, మళ్ళీ చదవండి అంది. ముప్ఫై ఏళ్లుగా నా శతకం వింటోంది. మళ్ళీ చదవమని ఒక్కనాడూ అడగలేదు.

అయితే పైన రాసినవాటిలో మొదటిది, నీ మూడో పాదం చూడు. మొదటి అక్షరం 'అ'. నాలుగో గణం 'క'తో మొదలైంది. ఆ రెండింటికీ మైత్రి లేదు, యతి భంగమైంది. ఛందస్సులో మొహమాటాలు ఉండవు. నీ చేతికి వచనం నప్పుతుంది, అది రాసుకో.

శుభం కోరుతూ,
జానకిరామయ్య

తా.క. కవరు అంటించబోయి ఆగాను. ఈ ఉత్తరం సుందరికి చదివాను. ఆవిడకు ఛందస్సు రాదు. ఆ తప్పు మీకు ముందే కనపడిందా, పేరు చూశాక కనపడిందా అని మాత్రం అడిగింది.

పేరు చూశాకేరా. పద్యాలు పేర్లు లేకుండా నంబర్లతో వచ్చాయి. నీదాన్ని మొదటి స్థానంలో పెట్టాను. కార్యదర్శి కరుణాకర్ జాబితా విప్పి, మీ శిష్యుడే మాస్టారూ అన్నాడు. పొంగిపోవాల్సిన వాణ్ణి, ఓర్వలేకపోయాను. ఆ కాగితం మళ్ళీ తీసుకుని తప్పు కోసం వెతికాను. 'అమ్మ', 'కమ్మని' అన్నచోట రెండో అక్షరం కలిసింది. అది ప్రాసయతి, ఆటవెలదికి చెల్లుతుంది. టెన్త్‌లో నీకు బోర్డు మీద రాసి చెప్పింది నేనే. నీకూ గుర్తుండే ఉంటుంది. అయినా నా మాట నమ్మి, తప్పు నీదే అనుకున్నావు.

ఇప్పుడే కరుణాకర్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. మొదటి బహుమతి నీదే. ఆదివారం సభలో నీ పద్యం నేనే చదువుతాను, నేను చేసిందీ చెబుతాను. నువ్వు తప్పకుండా రా. నీ ముఖం చూస్తూ చదవడం నాకు కష్టమే. అయినా ముందు వరసలోనే కూర్చో.