రలిత్సాకు వచ్చిన పిలుపు

తమ్ముడు స్లావ్చోకు,

మా అమ్మాయి రలిత్సాను మీ ఊరి బాస్కెట్‌బాల్ జట్టువాళ్ళు స్పెయిన్‌కు రమ్మన్నారురా. రెండు రోజులుగా నా కాళ్ళు నేల మీద లేవు. వీధిలో ఎదురైన ప్రతివాడికీ మన పండ్ల సారా, రకియా పోశాను.

అయినా నాకొక అనుమానం. ఆడపిల్లల ఆటలో స్పెయిన్, టర్కీ లీగులు చాలా గట్టివనీ, వాటి ముందు మన బల్గేరియా లీగు ఆనదనీ అంటారు. కానీ స్పెయిన్‌లోనే పై లీగు ఒకటి, దాని కింద ఇంకొకటి ఉన్నాయట. ఈ జట్టు ఏ లీగులోదని ఏజెంటును అడిగితే, "పెద్దాయనా, స్పెయిన్ అంటే స్పెయినే కదా" అని నవ్వేశాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మీ వదినేమో దారి సాఫీగా సాగాలని గడప ముందు నీళ్ళు ఒలకబోయడానికి అప్పుడే బకెట్ నింపింది. ఆగమంటే, "పెళ్ళినాడు కూడా ముసుగెత్తి నేనేనా కాదా అని చూసిన మనిషివి నువ్వు" అంటుంది.

ఫోన్‌లో అడిగితే పిల్ల వింటుందని ఈ ఉత్తరం మీ ఊరొచ్చే బస్సు డ్రైవరు చేతికిచ్చాను. నెలాఖరుకు సంతకం పెట్టాలి. ఈలోగా నువ్వు వెళ్ళి వాళ్ళ ఆట ఒకటి చూడు. ఇక్కడ మన పిల్ల ఆటకు ముప్ఫై పాయింట్లు వేస్తోంది, ఆపే పిల్లే లేదు, ఇక నేర్చుకునేదీ లేదు. అక్కడా అంతే అనిపిస్తే వద్దని రాయి. ఏడాదంతా బెంచీ మీదే కూర్చోవాల్సి వస్తుందేమో అని నీకు భయం వేస్తే, ఆ మాటే రాయి. వెంటనే పంపిస్తాను.

నీ అన్నయ్య